పెద్ద బండకు పందిరి

మా రిసార్టు నుంచి పగడాల గుట్ట చూడటానికి ఆఖరుసారి సముద్రంలోకి దిగిన అతిథి పుప్పాలగూడలో ఒకప్పుడు వరి పండించిన రైతు. అప్పటికి ఆయనకు అరవై నాలుగేళ్ళు. ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళింది నేనే. తీసుకెళ్ళకుండా ఉండాల్సిందని ఈ రెండేళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పలేను.

ముందు మా సంగతి చెప్పాలి. నాదీ మా ఆయనదీ అనంతపురం జిల్లా. నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజు బడి ఎగ్గొట్టి బిందెల వరుసలో కూర్చున్న పిల్లలం. సముద్రం మొదటిసారి చూసింది పెళ్ళయ్యాకే. ఇద్దరికీ హైటెక్ సిటీలో ఉద్యోగాలు. ఒక వేసవి సెలవుల్లో అండమాన్ వెళ్ళి, సరదాకి డైవింగ్ చేశాం. పైకి వచ్చాక మా ఆయన మాస్కు తియ్యకుండా పడవలో అలాగే కూర్చున్నాడు. కళ్ళలోకి నీళ్ళు పోయాయేమో అనుకున్నాను. ఏడుస్తున్నాడు. "కింద అంత ఉండాదని మనకెవురూ చెప్పలేదే" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి సెలవూ అక్కడే. చివరికి ఆయన ఉద్యోగం మానేశాడు. ఆ తర్వాత నేనూ మానేశాను. ఒక చిన్న దీవిలో సముద్రం ఒడ్డున కొంత నేల కౌలుకు తీసుకుని ఆరు వెదురు గుడిసెలు వేశాం. ఏసీలు పెట్టలేదు. వాన నీళ్ళే పట్టి వాడుకున్నాం. ఎవరైనా ప్లాస్టిక్ సీసా తెస్తే దాన్ని మళ్ళీ వాళ్ళ ఊరికే తీసుకుపోవాలి. ఒంటికి రాసుకునే ఎండ క్రీము పగడాలకు విషమని దాన్ని వద్దన్నాం, పొడుగు చేతుల చొక్కాలు ఇచ్చాం. పడవ లంగరు పగడాల మీద పడకూడదని ఒకేచోట తేలే డ్రమ్ము కట్టి, పడవను దానికే కట్టేవాళ్ళం. ఇన్ని నియమాలు చూసి నవ్వినవాళ్ళున్నారు. ఏసీ లేదని మొదటిరోజే సామాను సర్దుకుని వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు.

మా పడవ నడిపే ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకు వచ్చి అక్కడే ఉండిపోయాడట. ఈయన దీవిలోనే పుట్టినా మాట మాత్రం తండ్రిదే. ఒడ్డు నుంచి పది నిమిషాల దూరంలో నీటి కింద ఒక పెద్ద గుట్ట ఉంది, దాని నిండా పగడాలు. దానికి 'పెద్ద బండ' అని పేరు పెట్టింది ఆయనే. మాకు బతుకుతెరువు అదే. గుడిసెలు ఎక్కడైనా వేసుకోవచ్చు. మనుషులు వచ్చేది పెద్ద బండ కోసం.

వాళ్ళను రప్పించడం నా పని. అందుకని ఏడాదిలో సగం నేను పుప్పాలగూడలో మా ఫ్లాట్‌లో ఉండేదాన్ని. వారమంతా కొండాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఆఫీసులు తిరిగి, మధ్యాహ్నం భోజనాల వేళ క్యాంటీన్లలో నిలబడి మా దీవి గురించి చెప్పేదాన్ని. శని, ఆదివారాలు పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ ఈతకొలనులో మొదటి పాఠాలు. సిలిండరు ఎలా తగిలించుకోవాలి, నోట్లో గొట్టం పెట్టుకుని గాలి ఎలా పీల్చాలి, మాస్కులో నీళ్ళు నిండితే ఏం చెయ్యాలి, అవి.

ఒక ఆదివారం పొద్దున ఆ పెద్దాయన వచ్చి కొలను గట్టు మీద కూర్చున్నాడు. మా అపార్ట్‌మెంట్ లేచిన నేలలో కొంత ఆయనదే. పదకొండో అంతస్తులో కొడుకు దగ్గర ఉంటాడు.

"ఏంది బిడ్డా, గీ ఈత బెండ్లు ఎందుకు ఈపుకు కట్టినవ్?" అన్నాడు సిలిండర్లు చూపిస్తూ.

"నీళ్ళ కింద గాలికి, అంకుల్."

"అంకులేంది? పెద్దనాయన అను." తర్వాత కాసేపు మా పాఠం చూశాడు. "నేను మా బాయిల దుంకితె అడుగుకు పొయ్యి రూపాయి బిళ్ళ తెచ్చెటోణ్ణి. గని కండ్లు తెరిస్తే అంత పచ్చగుండేది. అడుగు చేతికి తగిలేది గని, కండ్లకు ఎన్నడు కనవడలే. సముద్రంల కనవడ్తదా?"

"కనబడుతుంది, పెద్దనాయనా."

"నిజం?"

మరుసటి వారం ఆయన డాక్టరు కాగితంతో సహా వచ్చాడు. గుండె, ఊపిరితిత్తులు అన్నీ బాగున్నాయని రాసి ఉంది. ఇంట్లోవాళ్ళు నవ్వారట. "నవ్వనీ" అన్నాడు.

ఆయనకు ఈత నేర్పే అవసరం రాలేదు. నేర్చుకున్నది మరిపించడమే కష్టమైంది. డైవింగులో మొట్టమొదటి నియమం, ఊపిరి బిగబట్టకూడదు. ఆయన మునగగానే అలవాటుగా ఊపిరి బిగించేవాడు. నేను ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని నా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని పీల్చి వదిలి చూపించేదాన్ని. మూడో ఆదివారానికి ఆయన నోటి నుంచి బుడగలు వరుసగా రావడం మొదలైంది. పైకి వచ్చి గట్టు పట్టుకుని, "గింత నిమ్మళంగ ఎన్నడు లేను బిడ్డా" అన్నాడు. ఏప్రిల్ చివరికి టిక్కెట్లు తీశాం.

మా ఆయన ఫోను ఆ నెల మధ్యలో వచ్చింది. "నీళ్ళు వేడెక్కినాయి" అన్నాడు. చేతికి కట్టుకునే డైవ్ గడియారంలో ఇన్నేళ్ళలో చూడని అంకె చూశాడట. రెండో రోజు మళ్ళీ అదే మాట. ఐదో రోజు మళ్ళీ ఫోను చేశాడు. "తెల్లగా అయిపోతాండాయే. పగడాల కొమ్మలన్నీ తెల్లగా."

నీళ్ళు ఎక్కువ వేడెక్కితే పగడం తనకు రంగునూ తిండినీ ఇచ్చే నాచును బయటికి నెట్టేస్తుంది. తెల్లబడినంత మాత్రాన అది చచ్చినట్టు కాదు, ఆకలితో ఉన్నట్టు. నీళ్ళు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. ఆ సంగతి మేం వందల మందికి బొమ్మలు చూపించి చెప్పినవాళ్ళం. మా ఇంటికి వస్తుందని అనుకోలేదు.

"వచ్చేవాళ్ళకు చెప్పేద్దాం" అన్నాడు మా ఆయన.

"ఒక వారం చూద్దాం."

"ఏం చూస్తావు? రంగుల ఫోటోలు చూపించి రమ్మంటిమి. ఇప్పుడు చెప్పకపోతే మోసం కాదా?"

చెప్పాను. ఆ నెలలో రావాల్సినవాళ్ళందరికీ నేనే ఫోన్లు చేశాను. ఒకరిద్దరు అయ్యో అన్నారు. ఒక ఆఫీసు బృందం అప్పటికప్పుడే ఇంకో దేశానికి మార్చుకుంది. రెండు రోజుల్లో ఎవరూ మిగల్లేదు, ఆ పెద్దాయన తప్ప.

ఆయనకూ చెప్పాలనే పదకొండో అంతస్తుకు వెళ్ళాను. "సముద్రం బాగాలేదు పెద్దనాయనా. వచ్చే ఏడాది పోదాం" అన్నాను.

"తుఫానా?"

"కాదు. నీళ్ళు వేడెక్కాయి."

"మంచిదే గద. నా మోకాళ్ళకు ఏడి నీళ్ళే మంచిగుంటయి." అప్పటికే సంచి సర్దుకుని మంచం పక్కన పెట్టుకున్నాడు. దాని మీద మడత పెట్టిన కొత్త తువ్వాలు. నేను ఇంకో ముక్క చెప్పలేకపోయాను. ఆయన మీద జాలి అని అప్పుడు అనుకున్నాను. నిజానికి ఒక్కరైనా రావాలని నా ఆశ. ఖాళీ గుడిసెల మధ్య మా ఆయన ఒక్కడే ఉన్నాడన్నది నేను తట్టుకోలేకపోయాను.

మేం దీవి చేరేసరికి మా ఆయన బాగా చిక్కిపోయి ఉన్నాడు. పెద్దాయన్ని చూసి నవ్వాడు. నన్ను వంటింటి వెనక్కి పిలిచి, "ఆయనకు చెప్పినావా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. వెళ్ళి పెద్దాయనకు సరిపడే మాస్కు వెతకసాగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున ముగ్గురం పెద్ద బండ దగ్గర దిగాం. తాడు పట్టుకుని మెల్లగా కిందికి. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. తెల్లబడ్డాక నేనూ అప్పుడే మొదటిసారి చూడటం. గుట్ట గుట్టంతా తెలుపు. ఆ కొసన ఒక పళ్ళెం ఆకారపు పగడం మాత్రం ఇంకా గోధుమ రంగులో ఉంది. మిగతా కొమ్మలన్నీ, నేను ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టగలిగిన కొమ్మలన్నీ, సున్నం వేసినట్టున్నాయి. నా మాస్కులో నీళ్ళు చేరాయి, ఖాళీ చేసుకున్నాను, మళ్ళీ చేరాయి.

పెద్దాయన నా వైపు తిరిగి బొటనవేలు పైకెత్తి చూపించాడు. డైవింగులో దానికి 'పైకి పోదాం' అని అర్థం. మా ఆయన కంగారుగా వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కాదు కాదని తల ఊపి, తప్పు గుర్తొచ్చి, రెండు చేతులూ జోడించి ఆ తెల్ల గుట్టకు దండం పెట్టాడు.

పడవలోకి ఎక్కగానే మాటలు పొంగుకొచ్చాయి ఆయనకు. "మల్లె తోట పూసినట్టుంది గద బిడ్డా! గంత తెల్లగ! అడుగు గిట్లుంటదని నాకేం తెల్సు? మా ఇంటోళ్ళకు జెప్తె నమ్మరు. గీ తోటకు ఎవ్వలు నీళ్ళు వెట్టిండ్రు, ఎవ్వలు ఎరువేసిండ్రు..."

మా ఆయన సిలిండర్లు సర్దుతున్నట్టు అటు తిరిగాడు. పడవాయన చుక్కాని దగ్గర నుంచి అన్నాడు: "అది పువ్వు కాదు బాబూ. సచ్చిపోతంది."

"ఏంది?"

"సచ్చిపోతంది. రంగులుండేవి. ఎర్రనివి, నీలంవి, పచ్చనివి. మా అయ్య కాలం కాడి నుంచీ సూస్తన్నాను, ఇలగ ఎప్పుడూ నేదు."

పెద్దాయన నా వైపు చూశాడు. "నాకెందుకు జెప్పలే బిడ్డా?"

ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఒడ్డు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. చచ్చిపోతున్నదాన్ని చూసి సంబరపడ్డందుకు ఆయనకు సిగ్గు. ఆ సిగ్గు ఆయనకు తెచ్చిపెట్టింది నేను.

మధ్యాహ్నం అన్నం దగ్గర అడిగాడు, "దీనికి మందు లేదా?"

"లేదండి" అన్నాడు మా ఆయన.

"ఎండ దెబ్బనే అంటున్నరు గద. నారుమడికి పందిరేస్తం. దీనికి ఎయ్యరాదా?"

మా ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్ళి, ఆకుకూరల మడి మీద కప్పిన ఆకుపచ్చ నీడ వలను చూస్తూ నిలబడ్డాడు. ఎండ కూడా పగడాన్ని బాధిస్తుంది, అది నిజమే. కానీ వేడిగా ఉన్నది మొత్తం సముద్రం. అది ఆయనకు నాకంటే బాగా తెలుసు. తెలిసే వల విప్పాడు.

రెండు రోజులు ముగ్గురు మగవాళ్ళూ ఇసుకలో కూర్చుని ఆ పందిరి కుట్టారు. పెద్దాయన దబ్బనం పట్టుకుని అంచులకు తాడు కుట్టాడు. తేలడానికి ఎక్కడెక్కడి దేశాల నుంచో కొట్టుకొచ్చి మా ఒడ్డున పడిన ఖాళీ డబ్బాలు కట్టారు. మూలలకు ఇసుక మూటలు. నేను టీ తెచ్చిస్తూ చూశాను. మా ఆయన మాట్లాడుతున్నాడు, పడవాయన పాత వేట కబుర్లు చెబుతున్నాడు, పెద్దాయన ముడి ఎలా వెయ్యాలో చూపిస్తున్నాడు. ఆ రెండు రోజులూ మా రిసార్టు బతికినట్టే ఉంది.

ఒక గదంత వల. దాన్ని తీసుకెళ్ళి, ఇంకా గోధుమ రంగు మిగిలిన ఆ పళ్ళెం పగడం మీద కట్టారు. మూడు రోజులు నిలిచింది. మా ఆయన రోజుకు రెండుసార్లు దిగి, దాని నీడలో ఉండి వచ్చేవాడు. "రంగు నిలబడిందే" అనేవాడు. "నిలబడింది కదా? నువ్వు చూడు."

నాలుగో రోజు మధ్యాహ్నం గాలి మారింది. సాయంత్రానికి పడవ తియ్యలేనంత అలలు. పొద్దున వెళ్ళి చూస్తే డబ్బాలు కనబడలేదు. కిందికి దిగాం. ఒక పక్క మూటలు తెగి, వల మెలితిరిగి, గుట్ట అంతా కొమ్మకొమ్మకూ చుట్టుకుని ఉంది. అల వచ్చినప్పుడల్లా లాగుతోంది. లాగినప్పుడల్లా తెల్ల కొమ్మలు పుటుక్కున విరుగుతున్నాయి. నీళ్ళలో ఆ చప్పుడు స్పష్టంగా వినబడుతుంది. పళ్ళెం పగడం మెడ దగ్గర విరిగి, బోర్లా పడి ఉంది.

ఆ వల కోసి తియ్యడానికి మాకు రెండు రోజులు పట్టింది. చాకులతో అంగుళం అంగుళం కోశాం. ఒక్క ప్లాస్టిక్ స్ట్రా కూడా దీవిలోకి రానివ్వని మనుషులం, పెద్ద బండ మీద నుంచి ప్లాస్టిక్ దారప్పోగులు ఏరుకున్నాం. పెద్దాయన్ని నీళ్ళలోకి రావద్దన్నాం. పడవలో కూర్చుని మేం పైకి అందించిన ముక్కల్ని మడత పెట్టి సంచుల్లో కుక్కాడు.

వెళ్ళేరోజు జెట్టీ మీద పెద్దాయన మా ఆయన చెయ్యి పట్టుకుని, "ఆ పందిరి ముచ్చట తీసింది నేనే కొడుకా" అన్నాడు.

"మీ తప్పేం లేదు" అన్నాడు మా ఆయన. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు, కానీ ముఖంలోకి చూడలేదు.

విమానాశ్రయంలో కూర్చున్నప్పుడు పెద్దాయన నన్ను అడిగాడు. "మీ బండనే గిట్లయిందా, అన్నీ గిట్లనేనా?"

"చాలా చోట్ల ఇట్లనే."

"ఎవ్వలు జేసిండ్రు?"

"ఎండలు, పెద్దనాయనా."

"ఎండలు ఊకెనే రావు గద" అన్నాడు. మా విమానం పేరు పిలిచారు. లేచి వరుసలో నిలబడ్డాం. ఇన్నేళ్ళలో నేను ఆ దీవికి పంపిన వాళ్ళందరూ ఇలాంటి వరుసలోనే నిలబడి, ఇలాంటి విమానంలోనే వెళ్ళి వచ్చారు. ఆ విమానాల పొగ లెక్క నేనెప్పుడూ వేసుకోలేదు. ఆ రోజూ వేసుకోవడానికి ధైర్యం చాలలేదు.

వానలు పడి నీళ్ళు చల్లబడేసరికి ఆలస్యమైపోయింది. తెలుపు పోయి పాచి పట్టిందని మా ఆయన ఫోనులో చెప్పాడు. తర్వాత పాచి కూడా గోధుమ బురదలా అయిందన్నాడు. చేపలు ఒక్కో రకమే కనబడకుండా పోయాయి. ఆ శీతాకాలం గుడిసెలు తెరిచాం గానీ, ఏం చూపించాలో తెలియలేదు. వచ్చినవాళ్ళను మా ఆయన ఇసుక నేల మీదికి తీసుకెళ్ళేవాడు, పెద్ద బండ వైపు వెళ్ళేవాడు కాదు. ఏడాది తిరిగేలోపు మూసేశాం. గుడిసెలు విప్పి, నేల ఎలా తీసుకున్నామో అలా అప్పగించాలని ఒప్పందం. వెదుర్లు ఒక్కొక్కటీ ఆయనే పీకాడట. పడవాయన ఇప్పుడు ఇంకో తీరంలో నీళ్ళ మీద నడిచే స్కూటర్లు తిప్పుతున్నాడు. ఒకసారి ఫోను చేసి, "ఏటి సెయ్యమంటారమ్మా, పొట్ట ఉంది కదా" అన్నాడు, నేనేదో అన్నట్టు.

మా ఆయన ఒక్క పెట్టెతో తిరిగొచ్చాడు. ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో పాత పనే చేస్తున్నాడు. నేనూ హైటెక్ సిటీలో చేరాను. మా ఆఫీసు అంతస్తులో ఏసీ ఎంత చల్లగా ఉంటుందంటే మే నెలలో కూడా కుర్చీలకు స్వెటర్లు వేలాడుతుంటాయి. నేనూ ఒకటి కొనుక్కున్నాను. మొదటి రోజు అది తొడుక్కుంటూ బాత్రూములోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

పెద్దాయన లిఫ్టులో కనబడినప్పుడల్లా, దవాఖానలో ఉన్న మనిషి గురించి అడిగినట్టు అడిగేవాడు. "మీ బండకు ఎట్లుంది బిడ్డా?"

"అట్లనే ఉంది, పెద్దనాయనా" అనేదాన్ని.

నెలల తరబడి అదే అన్నాను. ఒకరోజు ఇంక అబద్ధం ఆడలేక, "పోయింది" అన్నాను.

లిఫ్టు ఆయన అంతస్తులో ఆగింది. ఆయన దిగలేదు. తలుపు మూసుకుంది. "దినాలు జేసిన్రా?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

"లేదు."

"గట్లనే ఇడిచిపెట్టొచ్చిన్రా?"

నేను మా అంతస్తు బొత్తాం మళ్ళీ నొక్కాను. ఆ తర్వాత ఆయన మళ్ళీ అడగలేదు. నన్ను చూస్తే తల ఊపుతాడు, అంతే. కొలను వైపు రాగా నేను చూడలేదు.

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన నలుగురు పిల్లలు ఆ దీవులకే వెళ్ళొచ్చారు. వెళ్ళేముందు, "మేడమ్, మీరు అక్కడ ఉండేవారట కదా, బాగుంటుందా?" అని అడిగారు. బాగుంటుందన్నాను. తిరిగొచ్చాక క్యాంటీన్‌లో నా పక్కన చేరి ఫోనులో వీడియో పెట్టారు. బూడిద రంగు రాళ్ళ గుట్ట, విరిగిన కొమ్మల పొడి, దాని మీద రెండు మూడు చేపలు. అది పెద్ద బండ కాదు, ఇంకేదో. వాళ్ళ ముఖాలు వెలిగిపోతున్నాయి. "లైఫ్‌లో ఇలాంటిది చూడలేదు మేడమ్" అంది ఒక అమ్మాయి. తను నిజమే చెబుతోంది. అంతకంటే బాగా ఉన్నది చూసే అవకాశం తనకు లేదు.

"బాగుంది" అన్నాను. ఇంకోసారి చూపిస్తానంటే ఇంకోసారి చూశాను.

ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ వింటున్నాడు. "చేపలుండాయా?" అన్నాడు.

"రెండో మూడో."

"ఏవి?"

చెప్పబోయి ఆగాను. వాటి పేర్లు నాకు గుర్తురాలేదు. ఒకప్పుడు నీళ్ళలో తోక అంచు చూసి చెప్పేదాన్ని. ఆయన మజ్జిగ గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.